దయ్యం నచ్చిందా, దయ్యం వచ్చేదాకా ఎదురుచూడ్డం నచ్చిందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. చిత్తూరులో ఉంటారు, ఇంట్లో అందరూ చదివేవాళ్ళే, ఈ వేసవి సెలవులకి దయ్యాల నవలలు, నెత్తురు తాగే వాంపైర్ల నవలలు తెప్పిద్దామనుకున్నారు. మీరేమో బ్రామ్ స్టోకర్ వాంపైర్ నవల ‘డ్రాక్యులా’ మొదలుపెట్టి మధ్యలో పక్కన పెట్టేశారు. తిరుపతిలో హాస్టల్లో ఉండి పీజీ చదివే మీ చెల్లెలు వాంపైర్ ప్రేమకథ ‘ట్వైలైట్’ నాలుగు భాగాలూ పూర్తిచేసి అలాంటివే ఇంకా కావాలంటోంది. మీ ఆయనకి ప్రేమకథలు పడవు. మామగారు తెలుగు తప్ప చదవరు. బాబుకి 11 ఏళ్ళు. వీళ్ళందరికీ నచ్చే పుస్తకం ఒకటి చెప్పమన్నారు.

అందరికీ నచ్చే పుస్తకం ఒకటి దొరకదు. ఎవరికి ఏది ఇవ్వాలో తెలుసుకునే పద్ధతి మాత్రం ఉంది. అది నాకు పుస్తకాల వల్ల కాదు, చదివేవాళ్ళ వల్ల తెలిసింది.

నేను తిరుపతిలో గాంధీరోడ్డు పక్క సందులో 22 ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపాను. మొదట్లో అన్నీ తెలుగు నవలలే. తర్వాత యూనివర్సిటీ పిల్లలు అడుగుతుంటే ఇంగ్లీషువి కూడా తెచ్చిపెట్టాను. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, దానివల్ల నాకేమీ తెలియదు. అందుకని “ఎక్కడ లైటు ఆర్పలేకపోయారు?” అని అడిగేవాణ్ణి. ఆ జవాబు నోటుబుక్కులో వాళ్ళ పేరు పక్కన రాసుకునేవాణ్ణి. తర్వాతి పుస్తకం దాన్నిబట్టే ఇచ్చేవాణ్ణి.

ఒకే వారంలో ఇద్దరు యండమూరి ‘తులసిదళం’ తిరిగి ఇచ్చారు. ఒకాయన బ్యాంకు ఉద్యోగి. అందులో కాష్మోరా అనే క్షుద్రశక్తి పేరు వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి తలుపు చూసుకున్నానని చెప్పాడు. రెండో ఆవిడ కాలేజీ లెక్చరరు. ఆమెకి చేతబడి సంగతి పెద్దగా పట్టలేదు. కథలోని పాపకి వచ్చింది జబ్బా, చేతబడా అన్నది తేలకుండా అటూ ఇటూ లాగుతుంటే పుస్తకం కింద పెట్టలేకపోయానంది. పుస్తకం ఒకటే, చదివిన కారణాలు రెండు. ఆయనకి దయ్యం కావాలి. ఆమెకి దయ్యం ఉందో లేదో తెలియని ఆ టెన్షన్ కావాలి. ఆ తర్వాత ఒకే పుస్తకం ఇద్దరికీ ఎప్పుడూ ఇవ్వలేదు.

మీ ఇంట్లో వాళ్ళని కూడా అదే అడగండి. దయ్యం కనిపించినప్పుడు నచ్చుతుందా, కనిపించేదాకా ఎదురుచూడ్డం నచ్చుతుందా? మన తిరుపతి గంగజాతరలో చూడండి, ఒళ్ళంతా తెల్లగా పూసుకున్న బైరాగి వేషం ఎదురైతే కొందరు పిల్లలు పరుగెత్తి ముందుకొస్తారు. కొందరు అమ్మ కొంగు వెనక దాక్కుని ఒక్క కన్నుతో చూస్తారు. ఇద్దరికీ జాతర ఇష్టమే. చదివేవాళ్ళూ అంతే.

ఇంకో సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే మీరు ‘డ్రాక్యులా’ వదిలేయడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. మన దయ్యానికి ఒళ్ళుండదు. ప్రాణం పోయినా ఆశ చావక గాలిలా తిరుగుతుంది, బతికున్నవాళ్ళ ఒంట్లో దూరుతుంది. గాలి సోకింది అంటాం. వాంపైర్ దీనికి పూర్తిగా తలకిందులు. దానికి ఒళ్ళే ఉంటుంది. పాతిపెట్టిన శవం లేచి వచ్చి నెత్తురు తాగుతుంది. శవాన్ని పూడ్చేచోట పుట్టిన భయం అది. ఎక్కువగా దహనం చేసే మన ఇళ్ళలో చిన్నప్పటినుంచీ ఆ భయం పెరగలేదు. శవపేటిక మూత కదిలిందని చదివితే మనకి ఆసక్తి కలుగుతుంది గానీ వెన్ను జలదరించదు. అదే ఖాళీ గదిలో ఎవరో నడిచినట్టు వినిపిస్తే చాలు, పక్కవాళ్ళని లేపుతాం. మధ్యలో ఉన్నవాడు మన బేతాళుడు. ఆయన శవంలో దూరి మాట్లాడతాడు. 1870లో రిచర్డ్ బర్టన్ బేతాళ కథల్ని ఇంగ్లీషులో తిరగరాసి, విక్రముడు, వాంపైర్ అని పేరు పెట్టాడంటే వాళ్ళకి అంతకన్నా దగ్గరి మాట దొరకలేదన్నమాట. నెత్తురు తాగని బేతాళుణ్ణి వాంపైర్ అనడం నాకు ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు.

శవం లేచొస్తుందని వాళ్ళెందుకు నమ్మారో తెలిస్తే ఆ భయం మనకీ కొంచెం అంటుతుంది. పెద్దాస్పత్రిలో నైట్ డ్యూటీ చేసే ఒక నర్సమ్మ నా దగ్గర పుస్తకాలు తీసుకునేది. ఆమెకి కథ కన్నా కారణం కావాలి. 1725లో, ఆస్ట్రియా పాలనలో ఉన్న సెర్బియా పల్లెలో పీటర్ బ్లగోయెవిచ్ అనే రైతు చనిపోయాక ఊళ్ళో వరసగా చావులు జరిగాయి. సమాధి తవ్వితే శవం కుళ్ళలేదని, నోటి దగ్గర నెత్తురుందని ప్రభుత్వ అధికారే నివేదిక రాశాడు. నేను అది చెబుతుంటే ఆమె మధ్యలోనే అందుకుంది. లోపల గ్యాసులు పట్టి శవం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి నోట్లోంచి ఎర్రటి ద్రవం వస్తుంది, చర్మం వెనక్కి ముడుచుకుంటే గోళ్ళు, జుట్టు పెరిగినట్టు కనిపిస్తాయి అని. పాల్ బార్బర్ 1988లో రాసిన ‘వాంపైర్స్, బరియల్ అండ్ డెత్’ చెప్పేది సరిగ్గా ఇదే. అది నవల కాదు. కథలంటే విసుగు, నిజం కావాలి అనేవాళ్ళు మీ చుట్టాల్లో ఎవరైనా ఉంటే అది ఇవ్వండి.

ఇక మీ సంగతి. ‘డ్రాక్యులా’ని మీరు లూసీ, మీనా ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే చోట ఆపి ఉంటారు. నా నోటుబుక్కులో ఆ పుస్తకం వదిలేసినవాళ్ళలో ఎక్కువమంది ఆగింది అక్కడే. మొదటి అధ్యాయం డ్రాక్యులా కోటకి ప్రయాణం, తర్వాతి మూడు ఆ కోటలో జరుగుతాయి. జోనథన్ హార్కర్ అనే కుర్ర లాయరు గడ్డం గీసుకుంటుంటే వెనక నిలబడ్డ కోట దొర డ్రాక్యులా అద్దంలో కనిపించడు. ఒక రాత్రి కిటికీలోంచి కిందికి చూస్తే ఆ దొర తలకిందులుగా గోడ మీద బల్లిలా పాకుతూ దిగుతుంటాడు. అంత ఊపులో చదువుతూ ఉంటే హఠాత్తుగా ఇంగ్లండులో ఇద్దరమ్మాయిల పెళ్ళి కబుర్లు మొదలవుతాయి. ఎవరికైనా చప్పగానే ఉంటుంది. కానీ ఇంకో రెండు అధ్యాయాలు ఓపిక పట్టండి. ఏడో అధ్యాయంలో ఒక ఓడ కెప్టెను రాసిన రోజువారీ పుస్తకం వస్తుంది. ఓడలో ఒక్కొక్క మనిషీ మాయమవుతుంటాడు. ఎవరు చేస్తున్నారో కెప్టెనుకి తెలియదు, మనకి తెలుసు. ఓడ ఇంగ్లండులోని విట్‌బీ రేవుకి కొట్టుకొచ్చేసరికి చుక్కాని చక్రానికి తన చేతులు తనే కట్టేసుకున్న కెప్టెను శవం, డెక్కు మీంచి దూకి పారిపోయే ఒక పెద్ద కుక్క, ఇంతే మిగులుతాయి. ఆ పది పేజీల కోసమే ఆ నవల నేను నాలుగుసార్లు చదివాను.

చదవడానికి ఒక పద్ధతి చెప్తాను. ఆ నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, పేపరు కత్తిరింపులే, అన్నిటికీ తేదీలుంటాయి. మే 3తో మొదలై నవంబరు దాకా నడుస్తుంది. తేదీల ప్రకారం ఏ రోజుది ఆ రోజు చదవండి. ఒక రోజు రెండు పేజీలే ఉంటాయి, వారం పాటు ఏమీ ఉండదు. ఆ ఖాళీ రోజుల్లో కోటలో ఆ కుర్రాడు ఏమయ్యాడో అని మీకే గుబులు పుడుతుంది. మే 4 దగ్గర ఒక ముసలమ్మ ఉంటుంది. వెళ్ళొద్దని బతిమాలి, వినకపోతే తన మెడలోని శిలువ దండ తీసి, మీ అమ్మ కోసమైనా ఉంచుకో అని అతని మెడలో వేస్తుంది. అలాంటివాటి మీద నమ్మకం లేకపోయినా ఆమె మొహం చూసి అతను కాదనలేకపోతాడు. మనూళ్ళో మేనత్త కట్టిన తాయెత్తు విప్పలేక వెళ్ళిన ప్రతివాడికీ ఆ కుర్రాడు అర్థమవుతాడు. అక్కణ్ణించి ఆ దేశం పరాయిది అనిపించదు.

అంత కాలం ఆగలేననుకుంటే ముందు షెరిడన్ లె ఫాను ‘కార్మిల్లా’ చదవండి. 1872 నాటిది, ‘డ్రాక్యులా’ కన్నా 25 ఏళ్ళు పెద్దది, రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. అడవి పక్క పాత కోటలో తండ్రితో ఉండే అమ్మాయి ఇంటికి బండి బోల్తాపడి ఒక అందమైన అమ్మాయి చేరుతుంది. ఆ అతిథి ప్రేమ ఎంత ముద్దొస్తుందో అంత భయం వేస్తుంది. ఈ రెండు పుస్తకాలకీ కాపీరైటు తీరిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పెట్టొద్దు.

మీ చెల్లెలి దగ్గరికి వస్తే, ‘ట్వైలైట్’ లాంటివి అన్నప్పుడు ఏది నచ్చిందో విడదీసి అడగాలి. 2005లో ఆ పుస్తకం వచ్చిన తర్వాత కొన్నేళ్ళపాటు హాస్టలు పిల్లలు వంతులు వేసుకుని తీసుకెళ్ళారు. నల్ల అట్ట అంచులు తెల్లబడిపోయి, మధ్యలో పేజీలకి టేపు వేయాల్సి వచ్చింది. వాళ్ళందరినీ అడిగితే మూడు రకాల జవాబులు వచ్చాయి.

కొందరికి ఆ నిగ్రహం నచ్చింది. కథలోని వాంపైర్ కుర్రాడికి ఆ అమ్మాయి మీద ప్రేమ ఎంతో, ఆమె నెత్తురు మీద ఆశా అంతే. దగ్గరికి రావాలి, రాకూడదు. వాళ్ళకి కావలసింది ప్రేమే. మీ చెల్లెలు ఆ రకమైతే చార్లేన్ హారిస్ రాసిన 13 నవలల వరస ఉంది. మొదటిది ‘డెడ్ అంటిల్ డార్క్’, 2001. లూసియానాలో చిన్న ఊరి బార్‌లో పనిచేసే అమ్మాయికి ఎదుటివాళ్ళ మనసులో మాటలన్నీ వినిపిస్తాయి. ఆ గోలకి తట్టుకోలేక ఎవరికీ దగ్గర కాలేదు. ఒక వాంపైర్ వస్తాడు, అతని మనసులోంచి ఏమీ వినిపించదు. ఆమెకి మొదటిసారి ప్రశాంతంగా ఉంటుంది. ప్రేమకి ఇంత మంచి కారణం నేను చాలా తక్కువ పుస్తకాల్లో చూశాను. ఒక్క మాట, ‘ట్వైలైట్’లో లేని శృంగారం అందులో బాగానే ఉంటుంది. ఆమె పెద్దపిల్లే, ఆమె ఇష్టం. మీరు కొనిచ్చేటప్పుడు తెలిసుండాలని చెప్తున్నాను.

కొందరికి ఎప్పటికీ చావులేకపోవడంలోని దిగులు నచ్చింది. వాళ్ళకి ఆన్ రైస్ ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’, 1976. ఒక గదిలో టేప్‌రికార్డరు ముందు కూర్చుని లూయీ అనే వాంపైర్ తన రెండొందల ఏళ్ళ బతుకు చెప్పుకుంటాడు. అందులో అయిదేళ్ళ పాప ఉంటుంది, క్లాడియా. వాంపైర్‌గా మారాక మనసు పెద్ద స్త్రీలా ఎదుగుతుంది, ఒళ్ళు మాత్రం అయిదేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. రచయిత్రి కూతురు ఆరేళ్ళు నిండకుండానే 1972లో లుకేమియాతో పోయింది. అది తెలిశాక ఆ పాప పేజీలు మామూలుగా చదవలేం. అందుకే ఆ పుస్తకం ఎవరికీ అడగకుండా ఇవ్వలేదు నేను. ఇంట్లో చావు జరిగి సంవత్సరీకం కూడా కానివాళ్ళకి, బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళకి ఇలాంటివి ఇవ్వకండి. దయ్యాల కథలన్నీ చివరికి పోయినవాళ్ళ గురించే కదా. వాళ్ళు అడిగినా సరే, ఇంకో రోజు ఇస్తానని చెప్పి వేరేది చేతిలో పెట్టేవాణ్ణి.

మూడో రకం ఆ పాత చరిత్ర అంతా ఎక్కణ్ణించి వచ్చిందని అడిగేవాళ్ళు. మీ చెల్లెలికి చరిత్ర ఇష్టమని రాశారు కాబట్టి ఎలిజబెత్ కొస్టోవా ‘ది హిస్టోరియన్’ చూడమనండి. నాన్న లైబ్రరీలో ఒక కూతురికి పాత పుస్తకం దొరుకుతుంది. పేజీలన్నీ ఖాళీ, సరిగ్గా మధ్యలో ఒక్క డ్రాగన్ బొమ్మ. అక్కణ్ణించి కథ డ్రాక్యులా జాడ వెతుకుతూ ఇస్తాంబుల్, బుడాపెస్ట్, బల్గేరియా పాత పత్రాల గదులన్నీ తిప్పుతుంది. లావు పుస్తకం, నెమ్మదిగా నడుస్తుంది. పరీక్షలు దగ్గరలో ఉంటే వద్దు. నిజానికి బ్రామ్ స్టోకర్‌కి కూడా డ్రాక్యులా అనే పేరు లైబ్రరీలోనే దొరికింది. 1890లో విట్‌బీకి సెలవులకి వెళ్ళినప్పుడు అక్కడి లైబ్రరీలో ఇప్పటి రొమేనియాలో భాగమైన వలేకియా గురించిన పాత పుస్తకంలో చూసి రాసుకున్నాడు. అంతకుముందు తన పాత్రకి వేరే పేరు పెట్టుకున్నాడు. పుస్తకాలు అద్దెకిచ్చి బతికినవాడిగా ఈ సంగతి నాకు చాలా ఇష్టం.

చదివే పిల్లలు తరచూ గొడవపడే విషయం ఒకటుంది, మీ ఇంట్లోనూ వస్తుంది. వాంపైర్ ఎండలో కాలిపోవాలి కదా, ‘ట్వైలైట్’లో మెరుస్తాడేంటి, ఇది అసలు వాంపైరేనా అని. ‘డ్రాక్యులా’ నవలలో దొర పగలు కూడా తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయి అంతే. ఎండ తగిలితే చావడం 1922లో వచ్చిన జర్మన్ మూకీ సినిమా ‘నోస్ఫెరాటు’తో పుట్టింది. కాబట్టి అసలు రూలు అంటూ లేదు. ఏ పుస్తకం రూలు ఆ పుస్తకానిదే. పెట్టిన రూలుకి చివరిదాకా కట్టుబడిందా లేదా అని మాత్రం చూడమనండి.

మీ ఆయనకి రిచర్డ్ మాథెసన్ ‘ఐ యామ్ లెజెండ్’ చాలు. 1954 నాటి చిన్న నవల. ఊరంతా జబ్బుతో వాంపైర్లయిపోతే ఒక్కడే మిగిలి, పగలు మైక్రోస్కోపు పెట్టుకుని కారణం వెతుకుతాడు, రాత్రి తలుపులు బిగించుకుంటాడు. ప్రేమకథ కాదు, లాజిక్ ఉంటుంది. సినిమా చూశానని అంటే, ముగింపు పుస్తకంలో వేరని చెప్పండి. అది నచ్చితే స్టీఫెన్ కింగ్ ‘సేలమ్స్ లాట్’ ఇవ్వండి. అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊళ్ళోకి చెడు ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వస్తుంది. మండల కేంద్రంలో పెరిగినవాళ్ళకి అది బాగా తగులుతుంది.

బాబు విషయంలో నేను ఒకసారి పొరపాటు చేశాను, అది మీకు చెప్పాలి. స్వీడన్ నవల ‘లెట్ ద రైట్ వన్ ఇన్’ వెనక అట్ట చదివి, కథలో పిల్లవాడికి 12 ఏళ్ళని ఏడో తరగతి అబ్బాయికి ఇచ్చాను. అప్పటికి నేను చదవలేదు. అది చాలా గొప్ప నవల, కానీ పిల్లల మీద జరిగే ఘోరాలున్న పెద్దల నవల. మూడో రోజు వాళ్ళమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను చదవని పుస్తకం పిల్లల చేతికి ఇవ్వలేదు. కథలో పిల్లలున్నంత మాత్రాన అది పిల్లల కథ కాదు.

మీ బాబుకి నీల్ గైమన్ ‘ది గ్రేవ్‌యార్డ్ బుక్’ ఇవ్వండి. శ్మశానంలో దయ్యాలు పెంచిన పిల్లవాడి కథ. అతని సంరక్షకుడు సైలస్ ఎవరో రచయిత నేరుగా చెప్పడు. రాత్రే తిరుగుతాడు, అన్నం తినడు, బాబే పట్టేస్తాడు. మొదటి అధ్యాయంలో కత్తి పట్టుకున్నవాడు ఇంట్లో వాళ్ళని చంపేసి ఉంటాడు, అదొక్కటి మీరు పక్కన కూర్చుని చదవండి. ఆ పైన వాడిష్టం.

మామగారిని చివరికి ఉంచాను, ఆయన కష్టమని కాదు. ఆయనకి ‘తులసిదళం’ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. దాని రెండో భాగం ‘తులసి’ చదవకపోతే అది ఇవ్వండి. పాత ‘చందమామ’ సంచికలు దొరికితే బేతాళ కథలు ఆయన చేత మనవడికి చదివించండి. సంస్కృతంలో ఉన్న పాతిక కథలూ అయిపోయాక కూడా కొత్తవి అల్లి దశాబ్దాలు నడిపారు కాబట్టి ఆయనకీ తెలియనివి దొరుకుతాయి. బేతాళుడు ప్రశ్న అడిగాక పేజీ మూసేసి, విక్రముడి కన్నా ముందు బాబుని జవాబు చెప్పమనాలి.

ఇంగ్లీషు కథలు ఆయనకి అందవని అనుకోవద్దు. ఎం.ఆర్. జేమ్స్ అనే కేంబ్రిడ్జి పండితుడు క్రిస్మస్ రాత్రుల్లో స్నేహితులకి చదివి వినిపించడానికే దయ్యాల కథలు రాశాడు. మొదటి పుస్తకం 1904లో వచ్చింది, అదీ ఉచితమే. చెవికి రాసినవి కాబట్టి తెలుగులో చెప్పినా నిలబడతాయి. అందులో ఒకటి, సముద్రం ఒడ్డున పాత శిథిలాల్లో ప్రొఫెసరుకి ఒక కంచు ఈల దొరుకుతుంది. మట్టి దులిపి ఊదుతాడు. ఆ రాత్రి హోటల్ గదిలో రెండో మంచం ఉంటుంది, దాని మీద ఎవరూ పడుకోలేదు. ఇంతవరకే చెప్తాను. మీరు పగలు చదువుకుని, కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద పక్కలేసుకున్నాక మీ మాటల్లో చెప్పండి. దుప్పటి సంగతి వచ్చేసరికి గొంతు తగ్గించండి. ఒళ్ళులేని గాలి భయం మనది అన్నాను కదా, ఈ కథ సరిగ్గా అక్కడ తగులుతుంది.

అది అందరికీ పనిచేస్తే, ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్ళకి షిర్లీ జాక్సన్ ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ ఒక్క ప్రతి తెప్పించండి. 1959 నాటిది. దయ్యం ఒక్కసారి కూడా సరిగ్గా కనిపించదు. చీకట్లో పక్కమంచం మీది స్నేహితురాలి చేయి అనుకుని గట్టిగా పట్టుకున్న అమ్మాయి, లైటు వెలిగాక చూస్తే ఆ స్నేహితురాలు గది అవతల ఉంటుంది. మీ ఇంట్లో ఎదురుచూసే రకం ఎవరో ఆ పేజీ దగ్గర తేలిపోతుంది.

మీరు ‘డ్రాక్యులా’ ఏ పేజీలో ఆపారో, మీ చెల్లెలు ఆ మూడు రకాల్లో ఏదో కింద రాయండి. ఆమెకి నేను చెప్పినవేవీ నచ్చకపోయినా ఎక్కడ ఆపిందో రాయమనండి, దాన్నిబట్టి ఇంకోటి చెప్తాను.